దెబ్బ పడకముందు

కదలని కాగితం మీద కొట్లాటని చూపించడం ఎలా? మామూలుగా అయితే నాబోటి సాఫ్ట్‌వేర్ వాడికి ఈ ప్రశ్నతో పనిలేదు. మా ఇంట్లో బైండు చేయించి దాచిన పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ చదువుతూ, వాటికి ‘చిత్ర’ గారు వేసిన వికృతాకారాలనీ, కత్తి దూసిన వీరుల్నీ కళ్ళప్పగించి చూస్తూ పెరిగినవాణ్ణి. చూశాం, భయపడ్డాం, పేజీ తిప్పేశాం. ఆ బొమ్మ మనల్ని ఎందుకు భయపెట్టిందో, దాని వెనక ఎంత లెక్క ఉందో ఎవరాలోచించారు?

ఆలోచించవలసి వచ్చింది 2025 వేసవిలో. మా అమ్మాయి కోసం ఒక బొమ్మ వేయించాను. ఖర్చు ఆరువందల యాభై డాలర్లు. ఆ సంగతి విన్న మిత్రులు కొందరు నాకేసి జాలిగా చూశారు కనక, ఆ డబ్బుకి ఏం వచ్చిందో వివరంగా చెప్పుకుందామని ఈ వ్యాసం.

పిల్లలు హైస్కూలు వయసులో ఉన్న ఇళ్ళలో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పేరు వినబడే ఉంటుంది. వినని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ఆట. 1974లో బజార్లోకి వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రని సృష్టించుకుని, ఆ కథలో ఆ పాత్రగానే మాట్లాడతారు, తగువులాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు. గోడ దూకగలిగిందా, కత్తి తగిలిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన హరికథకీ వైకుంఠపాళికీ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి. ఒక కథ ఒక్క సాయంత్రంలో అయిపోవచ్చు, ఏళ్ళ తరబడి సాగనూవచ్చు.

మా గరాజ్‌లో ఆరేళ్ళు సాగింది. 2019లో, మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మొదలయింది. అయిదుగురు పిల్లలు, ప్రతి శుక్రవారం రాత్రి. 2020లో కరోనా వచ్చి అందరం ఇళ్ళలో కూలబడ్డప్పుడు జూమ్ మీద ఆడారు. ఆ రోజుల్లో మా అమ్మాయి నవ్వు మాకు వినబడింది ఆ రెండు గంటల్లోనే.

తన పాత్ర పేరు తంగేడు. మా అత్తగారిది వరంగల్ జిల్లా. బతుకమ్మ పేర్చడానికి తెల్లారగట్లే పొలాల వెంట తిరిగి తంగేడు పూలు కోసుకొచ్చిన కథలు మనవరాలికి చాలా చెప్పారు. ఆ పేరు అలా వచ్చింది. తంగేడు పొట్టిమనిషి. ఎడమచేతి వాటం. చేతిలో బల్లెం, తలకి పసుపుపచ్చ గుడ్డ. పెద్ద అందగత్తె కాదు. (ఇది మా అమ్మాయి పట్టుబట్టి రాయించిన వివరం.)

అయిదుగురూ అయిదు ఊళ్ళ కాలేజీలకి వెళ్ళిపోతున్నారు కనక మే నెలలో కథ ముగించారు. ఆఖరి ఘట్టం ఒక పాడుబడ్డ కోనేట్లో. నీళ్ళలోంచి మకరం లేచింది. గుళ్ళో విగ్రహం వెనక తోరణం మీద మొసలి నోరూ, ఏనుగు తొండమూ, చేప తోకా వేసుకుని ఉంటుందే, అదే. జట్టులో అందరికన్నా చిన్నవాడైన మాంత్రికుడు దెబ్బతిని మెట్ల మీద పడి ఉన్నాడు. మిగతావాళ్ళు వాడికి తాడు కట్టి పైకి లాగేదాకా తంగేడు మకరానికి అడ్డంగా నిలబడింది. మూడు రౌండ్లు నిలబడింది. నాలుగో రౌండ్లో పాచిక మీద రెండు పడింది. తంగేడు చచ్చిపోయింది.

ఆటే కదా, ఇంకో పాత్రని తయారు చేసుకుంటే సరి అంటారా? ఆరేళ్ళు పెంచిన పాత్ర అండీ. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినకుండా పడుకుంది. గ్రాడ్యుయేషన్‌కి ఏం కావాలో చెప్పమ్మా అంటే, ఆ కోనేటి పోట్లాట బొమ్మ కావాలంది. అయిదు ప్రింట్లు, అయిదుగురికీ.

ఇలాంటి పాత్రల బొమ్మలు వేసిపెట్టి బతికే చిత్రకారులు ఈ దేశంలో చాలామందే ఉన్నారు. టైలరుకి గుడ్డా కొలతలూ ఇచ్చినట్టు, మనం పాత్ర వివరాలు ఇస్తాం, సగం డబ్బు ముందు కడతాం. వాళ్ళు రఫ్ స్కెచ్‌లు పంపుతారు, మనం మార్పులు చెబుతాం, అన్నీ కుదిరాక రంగుల్లో పూర్తిచేస్తారు. మాకు దొరికినావిడ పోర్ట్‌లాండ్‌లో ఉంటుంది. ఆవిడ పంపిన ఫారంలో దుస్తుల రంగు, జుట్టు పొడవు లాంటివన్నీ ఆఖర్న ఉన్నాయి. మొదట మూడే ప్రశ్నలు. ఈ పోట్లాట దేనికోసం? ఇద్దరిలో ఎవరికి తొందర ఎక్కువ? బొమ్మలో ఉన్న క్షణం తర్వాత ఒక్క సెకనుకి ఏమవుతుంది? ఇరవయ్యేళ్ళుగా రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లు చదువుతున్నాను. మొదటి పేజీలోనే ఇంత సూటిగా అడిగినవి తక్కువ.

మూడో ప్రశ్నకి మా అమ్మాయి ఇలా రాసింది: “చచ్చిపోతుంది. మకరం తోక పక్కనుంచి వస్తుంది. తను చూడదు.”

ముందు ఆ మూడో ప్రశ్న సంగతే చూద్దాం. సినిమాకి కాలం ఉంది. కాంతారావు గారు ఎన్నిసార్లు కత్తి తిప్పినా, ఎన్ని మెట్లు ఎక్కి దిగినా రీలు తిరుగుతూనే ఉంటుంది. బొమ్మకి ఉన్నది ఒక్క క్షణం. ఏ క్షణాన్ని ఎంచుకోవాలి? కత్తి దిగిన క్షణాన్ని అని ఎవరికైనా తోస్తుంది. అది కాదని 1766లోనే లెసింగ్ అనే జర్మన్ రచయిత ‘లావొకోన్’ అనే పుస్తకంలో వాదించాడు. పాములు చుట్టుకున్న తండ్రీకొడుకుల ప్రాచీన శిల్పం ఒకటి రోములో 1506లో తవ్వకాల్లో బయటపడింది. దాన్ని ముందు పెట్టుకుని ఆయన అన్నదేమిటంటే, పరాకాష్ఠని చూపించేస్తే చూసేవాడి ఊహకి ఇంక వెళ్ళడానికి చోటు ఉండదు. అందుకని దానికి కాస్త ముందు ఆగాలి, అప్పుడు మిగతాది చూసేవాడే పూర్తిచేసుకుంటాడు.

గ్రీకు శిల్పి మైరన్ చేసిన చక్రం విసిరేవాడి బొమ్మ మీరు చూసే ఉంటారు. అసలు కంచు విగ్రహం పోయింది, రోమన్లు పాలరాతిలో చేసుకున్న నకళ్ళు మిగిలాయి. అందులో వాడు చక్రాన్ని విసరడం లేదు. చెయ్యి వెనక్కి వెళ్ళగలిగినంతా వెళ్ళి, ఇంకా ముందుకి మళ్ళని క్షణం అది. ఉయ్యాల చివరికంటా వెళ్ళి ఒక్క లిప్త ఆగుతుంది చూడండి, అక్కడ. వేగం సున్నా, కానీ రాబోయే వేగమంతా అక్కడే దాగి ఉంది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే పొటెన్షియల్ ఎనర్జీ. ‘దెబ్బ’ని వేస్తే గతం కనిపిస్తుంది, దెబ్బ పడకముందుని వేస్తే భవిష్యత్తు కనిపిస్తుంది.

మన చందమామలోనే చూడండి. శంకర్ గారు (అసలు పేరు కె.సి. శివశంకరన్, 2020లో పోయారు) వేసిన విక్రమార్కుడు ఎవరితోనూ పోట్లాడడు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, నడక. అంతే. జరగబోయేదంతా మన బుర్రలో జరుగుతుంది. నెలనెలా అదే బొమ్మ చూసినా విసుగు పుట్టకపోవడానికి అది ఒక కారణమని నా అనుమానం.

ఇప్పుడు మొదటి ప్రశ్న: పోట్లాట దేనికోసం? నా మట్టుకు నాకు, చిత్రకారులు బొమ్మ మధ్యలో ఏం పెట్టాలన్నది ఇక్కడే తేలుతుందనిపించింది. లియొనార్డో డావించీ 1505 ప్రాంతంలో ఫ్లారెన్స్ నగర సభాభవనంలో ‘అంగియారి యుద్ధం’ అనే గోడచిత్రం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. అది ఇప్పుడు లేదు. దాని మధ్య భాగం ఎలా ఉండేదో తెలిపే డ్రాయింగు ఒకటి, తర్వాతి కాలంలో రూబెన్స్ చెయ్యి పడింది, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నలుగురు రౌతులు ఒక జెండా కర్ర కోసం పెనుగులాడుతున్నారు. గుర్రాల ముందుకాళ్ళు మెలివేసుకున్నాయి, ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి. చేతులూ, కత్తులూ, మెడలూ అన్నీ ఆ కర్ర చుట్టూ సుడి తిరుగుతాయి. యుద్ధం ఎవరెవరికో తెలియని నాకు కూడా ఏ వస్తువు కోసం కొట్టుకుంటున్నారో చూడగానే తెలిసిపోయింది. దీనికి దాదాపు డెబ్బయ్యేళ్ళ ముందు అదే ఫ్లారెన్స్‌లో ఉచ్చెల్లో వేసిన ‘శాన్ రొమానో యుద్ధం’ చూస్తే తేడా తెలుస్తుంది. అందులో విరిగిన ఈటెలు నేల మీద గీత గీసినట్టు పర్‌స్పెక్టివ్ లెక్కకి సరిపోయేలా పడి ఉంటాయి. లెక్కలవాడిగా నాకది ముద్దొస్తుంది. కానీ అది యుద్ధంలా కాక ఊరేగింపులా ఉంటుంది.

ఇక మా స్కెచ్‌లు. మూడొచ్చాయి, ఒక్కోటి పోస్టు కార్డంత.

మొదటిదాంట్లో తంగేడు గాలిలోకి ఎగిరి, రెండు చేతులా బల్లెం ఎత్తి, మకరం నెత్తి మీద పొడవబోతోంది. సినిమా పోస్టరులా బ్రహ్మాండంగా ఉంది. స్నేహితులందరూ అదే బాగుందన్నారు. రెండోదాంట్లో ఇద్దరూ పక్కనుంచి, ఎదురెదురుగా, కుస్తీ పోటీ ప్రకటనలో మల్లులలాగా. మూడోదాంట్లో మన కన్ను నీటి మట్టానికి దగ్గరగా ఉంది. ఎడమవైపు కింద మకరం వీపూ తలా పెద్ద నల్లటి కొండలా ముందుకొచ్చాయి. మధ్యలో, నాలుగు మెట్ల పైన, తంగేడు. కుడివైపు చిట్టచివర పైన, గోరంత, తాడు కట్టిన చిన్న మాంత్రికుడు.

మా అమ్మాయి మొదటిదాన్ని కొట్టేసింది. ఎందుకమ్మా, బానే ఉందిగా అన్నాను. “నాన్నా, ఎగిరితే ఆ చోటు వదిలేసినట్టే కదా. తను అటాక్ చెయ్యట్లేదు. అక్కడ ఉంటోంది, అంతే” అంది. రెండోది కూడా ఎందుకు కాదంటే, అందులో పిల్లవాడు లేడు. పిల్లవాడు లేకపోతే తంగేడు అక్కడ ఎందుకుందో చూసేవాడికి తెలియదు.

మూడోదాన్ని పట్టుకుని చిత్రకారిణి చేసిన పని చూసి నాకు కాకినాడలో చదివిన ఇంజనీరింగ్ మెకానిక్స్ గుర్తొచ్చింది. తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి గోడ నిలువు చూస్తాడు కదా. మనిషి గరిమనాభి నుంచి అలాంటి గుండు వేలాడదియ్యండి. అది రెండు పాదాల మధ్య పడితే మనిషి నిలబడ్డాడు. బయట పడితే మనిషి పడిపోతూ ఉండాలి, లేదా పరుగెడుతూ ఉండాలి, లేదా ఏదో ఒకటి అతన్ని ఆపుతూ ఉండాలి. ఆగిపోయిన ఆర్టీసీ బస్సుని వెనకనుంచి తొయ్యడం గుర్తుచేసుకోండి. ఏటవాలుగా ఒరిగి తోస్తాం. బస్సు ఉన్నట్టుండి స్టార్టయిందా, ముక్కు మీద పడతాం. అంటే మనం అలా ఒరిగి నిలబడగలుగుతున్నామంటే, బస్సు మనల్ని తిరిగి తోస్తోందన్నమాట.

తొలి స్కెచ్‌లో తంగేడు పాదాల మీద నిటారుగా నిలబడి ఉంది. బల్లెం మకరం దవడలో ఉంది గానీ ఇద్దరి మధ్యా బలం లేదు. చీపురుకట్ట పట్టుకున్నట్టుంది. ఆవిడ ఏం చేసిందంటే, నడుముని కిందికి దించి, ఒంటిని మకరం వైపుకి ఒంచింది. గుండు వేలాడేస్తే ముందు పాదం దాటి, కింద మెట్టు మీద పడుతుంది. మకరం గనక ఒక్క అడుగు వెనక్కి వేస్తే తంగేడు నీళ్ళలో పడాల్సిందే. పడలేదు కాబట్టి మకరం ఎంత బలంగా తోస్తోందో చూసేవాడి ఒంటికే తెలుస్తుంది. మకరం కండలు ఎన్ని గీసినా ఆ బలం రాదు.

ఇంకొకటి. బల్లెం మొన నుంచి చంక, చంక నుంచి తుంటి, తుంటి నుంచి వెనక కాలి మడమ, మడమ ఆనుకున్న రాతిమెట్టు – అన్నీ ఒకే గీత మీదికి తెచ్చింది. సివిల్ ఇంజనీర్లు దీన్ని లోడ్ పాత్ అంటారు: పైకప్పు బరువు దూలం మీదికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి. చిత్రకారులు లైన్ ఆఫ్ యాక్షన్ అంటారు. చెయ్యీ కాలూ మెడా ఎన్ని వంపులు తిరిగినా, లోపల ఒక్క గీత దొరకాలి. ఆ గీత నిలువుగా ఉంటే స్తంభం, పడుకుని ఉంటే నిద్ర, ఏటవాలుగా ఉంటే ఇంకా తేలని వ్యవహారం. కోనేటి మెట్లతో ఒక చిక్కొచ్చింది. ఎదురుగా చూస్తే అన్నీ అడ్డగీతలే, బొమ్మ అంతా జోకొట్టినట్టు అయిపోతుంది. మా అమ్మాయి హంపీలో దిగిన ఫొటోలు పంపింది. అక్కడి మెట్ల కోనేరు మూల నుంచి చూస్తే రెండు వైపుల మెట్లూ కలుసుకుని రంపపు పళ్ళలా కనిపిస్తాయి. ఆవిడ ఆ మూలనే తీసుకుంది.

దిక్కు సంగతి కూడా చెప్పాలి. మనం ఎడమనుంచి కుడికి చదివేవాళ్ళం. కన్ను బొమ్మని కూడా అటే చదవడానికి మొగ్గుతుందని చిత్రకారులు చాలామంది నమ్ముతారు. ఈ బొమ్మలో మకరం ఎడమ కింద నుంచి కుడి పైకి, పిల్లవాడి వైపుకి వస్తోంది. మన కన్నూ అటే వస్తోంది. తంగేడు ఇద్దరికీ అడ్డం తగులుతుంది. ఉర్దూ చదివేవాళ్ళ కోసం తిప్పి వెయ్యాలా అని ఈమెయిల్లో అడిగాను. ఆవిడ జవాబివ్వలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు మాత్రం మకరం కంటిపాపది. మొదట అది తంగేడు కేసి గుర్రుగా చూస్తోంది. ఆవిడ కనుపాపని రవ్వంత జరిపింది. ఇప్పుడు అది తంగేడుని చూడటం లేదు. తంగేడు భుజం పక్కనుంచి, పైన తాడుకి వేలాడుతున్న పిల్లవాణ్ణి చూస్తోంది. ఆ చూపుకి అడ్డంగా తంగేడు మోచెయ్యి ఉంది. రెండు పిక్సెళ్ళ పని. ‘పోట్లాట దేనికోసం’ అన్న ప్రశ్నకి జవాబు అందులో ఉంది.

ఇక్కడ, సిలికాన్ వ్యాలీలో ఉంటూ చెప్పకుండా ఉండలేని కథ ఒకటి. 1878లో మేముండే చోటికి దగ్గర్లోనే, పాలో ఆల్టోలో, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గారి గుర్రాల శాలలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం నిజంగానే ఉందని తేలింది, కానీ అప్పుడు కాళ్ళు పొట్టకింద ముడుచుకుని ఉంటాయి. అంతకుముందు చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకీ వెనకకాళ్ళు వెనక్కీ చాచి వేసేవారు. జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రప్పందెం అలాంటిదే. అయితే చిత్రకారులు అబద్ధాలకోరులేనా? శిల్పి రోదాఁ ఒప్పుకోలేదు. ఫొటోలో గుర్రం గాల్లో బిగుసుకుపోయినట్టుంటుంది, జెరికో గుర్రం పరుగెడుతుంది. కాలం నిజంగా ఎక్కడా ఆగదు కనక చిత్రకారుడిదే నిజం అన్నాడాయన. ఒకే బొమ్మలో వేరువేరు క్షణాలు ఉండవచ్చునని ఆయన మాటల సారాంశం.

మా బొమ్మలో తంగేడు తలగుడ్డ కొస పైకి ఎగురుతోంది. తను కదలకుండా నిలబడి ఉంటే గుడ్డ ఎందుకెగరాలి? ఎందుకంటే అర సెకను కింద తను పై మెట్టు నుంచి కిందికి దూకింది. ఒళ్ళు ఆగింది, గుడ్డకి ఇంకా ఆ వార్త అందలేదు. నీటి తుంపరలదీ అదే కథ. మకరం లేచి ఆగింది, నీళ్ళు ఇంకా లేస్తున్నాయి. గుడ్డలో గతం, ఒంట్లో వర్తమానం. భవిష్యత్తు సంగతి కింద చెబుతాను.

రంగులు వెయ్యడానికి ముందు ఆవిడ ఒక పరీక్ష చేసింది. తంగేడునంతా నల్లసిరాతో నింపేసి, ఉత్త నీడగా పంపి, ఏం జరుగుతోందో చెప్పమంది. బల్లెం ఒంటి మీదుగా వెళ్ళినందువల్ల నీడలో కనిపించకుండా పోయింది. చెయ్యి కొంచెం బయటికి తీసి, మోచేతికీ నడుముకీ మధ్య ఖాళీ వదిలితే బల్లెం బయటపడింది. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. వెనక దీపం వెలుగుతుండగా తెరకి ఆన్చిన బొమ్మకి కాళ్ళూ చేతులూ విడివిడిగా కనిపించకపోతే, ఎదర కూర్చున్నవాడికి హనుమంతుడు గద ఎత్తాడో తల గోక్కున్నాడో తెలియదు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, అది ఒక జన్మ చాలని విద్య. ఒక్క సంగతి. పసుపు ఎంత చిక్కబడ్డా వెలుతురుగానే ఉంటుంది, నీలం చిక్కబడితే చీకటవుతుంది. అందుకని నల్లనీలి నీళ్ళ ముందు తంగేడు పువ్వు రంగు తలగుడ్డ దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. బొమ్మ మొత్తంలో ఆ పసుపు ఇంకెక్కడా వాడలేదు ఆవిడ. కళ్ళు సగం మూసి చూస్తే ముందు అదే తగులుతుంది, తర్వాత పైన తాడు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే మా ఆఫీసులో అందరూ అడిగారు: ఈ రోజుల్లో కృత్రిమ మేధ అర నిమిషంలో ఇలాంటివి నాలుగు గీసి ఇస్తుంటే ఇంత ఖర్చు దేనికీ అని. నేనూ ప్రయత్నించాను. దానితో నాకు వైరం ఏమీ లేదు, నా జీతంలో కొంత అటునుంచే వస్తోంది. మంచి వెలుగు నీడలతో, తళతళలాడే నాలుగు బొమ్మలొచ్చాయి. నాలుగింట్లోనూ ఆ అమ్మాయి ఎగురుతోంది. ఎగరకుండా, ఒరిగి, ఆపుతూ నిలబడాలని ఎన్ని విధాలుగా చెప్పినా నా చేతిలో అది కుదరలేదు. అదీగాక, ఆ మూడు ప్రశ్నలూ నన్నెవరూ అడగలేదు. ఆ ప్రశ్నలకి జవాబులు రాయడానికి మా అమ్మాయి రెండు రోజులు కూర్చుంది. తంగేడు పోయాక దాని గురించి ఇంట్లో నోరు విప్పి మాట్లాడింది ఆ రెండు రోజుల్లోనే.

వేయించుకోవాలనుకునేవాళ్ళకి ఒకటి రెండు లౌకికమైన మాటలు. డబ్బిచ్చి వేయించుకున్నంత మాత్రాన బొమ్మ మీద కాపీరైట్ మనది కాదు. రాసుకున్న ఒప్పందం వేరే లేకపోతే ఈ దేశపు చట్టం ప్రకారం అది వేసినవాళ్ళదే. ఇంట్లో తగిలించుకోవచ్చునా, ఎన్ని ప్రింట్లు తీసుకోవచ్చు, టీషర్టు మీద వేసుకోవచ్చునా అన్నవి ముందే రాయించుకోండి. మార్పులు ఎన్నిసార్లు అడగవచ్చో కూడా. మాకు రెండు విడతలు ఒప్పుకుంది, మూడోదానికి అదనంగా తీసుకుంది. తీసుకోవాలి కూడా. సైజు ముందే చెప్పండి: పద్ధెనిమిది అంగుళాలకి ఇరవై నాలుగు, అంగుళానికి 300 చుక్కల చొప్పున అయితే 5400కి 7200 పిక్సెళ్ళ ఫైలు కావాలి. చిన్న ఫైలుని తర్వాత సాగదీస్తే అప్పడంలా పగులుతుంది.

ఆ మూడో విడత మార్పు తోక గురించి. మకరం తోక పక్కనుంచి వస్తుందని రాసింది కదా. చిత్రకారిణి కుడివైపు నీళ్ళలోంచి తోక పైకి లేచి, ముళ్ళు విప్పుకుని, తంగేడు వీపు మీదికి రాబోతున్నట్టు వేసింది. మనకి కనిపిస్తుంది, తంగేడుకి కనిపించదు. చాలా బాగుంది, చూస్తే గుండె ఝల్లుమంది. మా అమ్మాయి ఒక రోజంతా దాన్ని తెరచి పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం వచ్చి, “తోక తీసెయ్యమందామా నాన్నా?” అంది. తీసేస్తే జరిగింది అబద్ధమవుతుంది కదమ్మా అన్నాను. కొంచెంసేపు ఊరుకుంది. “అందరూ దాన్నే చూస్తారు. తంగేడుని చూడరు” అంది. ఇద్దరం కలిసి ఆవిడకి ఫోను చేశాం. ఆవిడ మా అమ్మాయితో పావుగంట మాట్లాడింది, నేను బయటికి వెళ్ళిపోయాను.

చివరికి తోక నీళ్ళలోకి వెళ్ళిపోయింది. కుడివైపు కింద మూలన, నల్లటి నీళ్ళ మీద, మిగతా అలలకి ఎదురు తిరిగిన ఒక చిన్న సుడి మాత్రం ఉంది. తుంపరలు ఇటు పడుతుంటే ఆ సుడి అటు తిరుగుతుంది. తెలిసినవాడికే తెలుస్తుంది. మొదటి ప్రింటులో నలుపులో కలిసిపోయి అది అసలు కనిపించలేదు. తెర మీద వెలుగుతో కనిపించే చీకట్లు కాగితం మీద ఇంకొంచెం చిక్కబడతాయట. ఆవిడ ఆ మూలని ఒక మెట్టు తేలికపరిచి మళ్ళీ పంపింది. ఆగస్టు మొదటి వారానికి అయిదు ప్రింట్లూ వచ్చాయి. నాలుగు వెళ్ళవలసిన చోట్లకి వెళ్ళాయి.

అయిదోది కాలేజీ గదికి పట్టుకెళ్ళేముందు నాలుగు రోజులు మా హాల్లో గోడకి ఆన్చి ఉంది. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకుని తంగేడు తలగుడ్డని మెచ్చుకున్నారు, మెట్ల మీద ఆనిన కాలివేళ్ళని మెచ్చుకున్నారు. తర్వాత వంగి, కుడి మూల మీద వేలు పెట్టి, “గిక్కడ నీళ్ళల్ల ఏందో మరక పడ్డట్టుంది బిడ్డా, దుకాణపాయనకు చూపెట్టకపోయినవా?” అన్నారు.

“మరక కాదు అమ్మమ్మా, ఉండనీ” అంది మా అమ్మాయి.